జన్యు రిపోర్టు... పోల్చి చూస్తేనే అర్థం!

పిల్లాడికి నడక ఆలస్యమైందనో, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకే జబ్బు వచ్చిందనో డాక్టర్లు ఈమధ్య జన్యు పరీక్ష రాస్తున్నారు. వారాల తరబడి ఎదురుచూశాక వచ్చే ఆ కాగితాల్లో అక్షరాలు, అంకెలే తప్ప మనకు తెలిసిన మాట ఒక్కటీ కనిపించదు. ఆ అక్షరాల్ని కంప్యూటర్ ఎలా చదివింది? ఎంతవరకు నమ్మొచ్చు? ఎక్కడ ఆగి మళ్లీ అడగాలి? ఇవి తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

అది 2021 డిసెంబరు 12. కరోనా రెండో ఉద్ధృతి నుంచి అప్పుడప్పుడే తేరుకుంటున్నాం. మాస్కులు గడ్డం కిందికి దిగిపోతున్న రోజులవి. రాష్ట్రంలో తొలి ఒమిక్రాన్ కేసు విజయనగరంలో బయటపడిందని ఆ రోజున ప్రకటించారు. గుర్తుందా?

ఐర్లాండ్ నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడికి ముంబయిలో పరీక్ష చేస్తే కరోనా లేదని తేలింది. నవంబరు 27న ఆయన విశాఖపట్నం చేరుకున్నారు. తర్వాత విజయనగరంలో మరోసారి ఆర్‌టీపీసీఆర్ చేస్తే పాజిటివ్ వచ్చింది. వెంటనే నమూనాను హైదరాబాద్‌లోని సీసీఎంబీకి పంపారు. అక్కడ జన్యుక్రమాన్ని విశ్లేషించి ఒమిక్రానేనని తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ రకానికి పేరు పెట్టింది నవంబరు 26న. అంటే పేరు పెట్టిన మర్నాడే ఆ ప్రయాణికుడు మన గడపలో ఉన్నారన్నమాట!

పాజిటివ్ అని తెలిసిపోయాక మళ్లీ హైదరాబాద్ దాకా ఎందుకు? అన్ని రోజులు ఎందుకు పట్టింది? అప్పట్లో చాలామందికి వచ్చిన సందేహాలే ఇవి. ఇవాళ పిల్లల జన్యు పరీక్షకు రక్తం ఇచ్చి మూడు నాలుగు వారాలు ఎదురుచూసే తల్లిదండ్రులకూ ఇవే సందేహాలు. జవాబు రెండు చోట్లా ఒకటే. యంత్రం నుంచి వచ్చేది నేరుగా ఫలితం కాదు, ముక్కలు ముక్కలైన అక్షరాల కుప్ప. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయాలి, అతికించాలి. ఆపైన తెలిసిన ఒక క్రమంతో పోల్చాలి. చివరన మీ చేతికొచ్చే రిపోర్టు ఆ పోలిక సారాంశమే.

నాలుగు అక్షరాల పుస్తకం

మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ డీఎన్‌ఏ ఉంటుంది. దీన్ని నాలుగే అక్షరాలతో రాసిన పెద్ద పుస్తకం అనుకోండి. ఆ అక్షరాలు ఎ, టి, జి, సి. అమ్మ నుంచి ఒక ప్రతి, నాన్న నుంచి ఒక ప్రతి మనకు సంక్రమిస్తాయి. ఒక్కో ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. కరోనా వైరస్‌ది దీని ముందు కరపత్రమంత. దాని జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. మొత్తం కలిపి దాదాపు 30 వేల అక్షరాలే.

ఆర్‌టీపీసీఆర్ పరీక్ష ఈ 30 వేల అక్షరాల్లో రెండు మూడు చోట్లను మాత్రమే వెతుకుతుంది. అవి దొరికితే వైరస్ ఉన్నట్టు. అది ఏ రకం వైరస్సో తేల్చాలంటే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవాల్సిందే. ఒమిక్రాన్ కొమ్ము ప్రొటీన్‌లోనే 30కి పైగా మార్పులున్నాయి. అవన్నీ ఒకచోట కనిపిస్తేనే ‘ఇది ఒమిక్రాన్’ అని ఖాయంగా చెప్పగలుగుతారు.

గోనెసంచిలో కాగితం ముక్కలు

ఇంత పొడవైన క్రమాన్ని ఏ యంత్రమూ ఒక్క బిగిన సులువుగా చదివేయలేదు. ఆసుపత్రి పరీక్షల్లో ఎక్కువగా వాడే సీక్వెన్సింగ్ యంత్రాలు ఒకసారికి 150 అక్షరాల పొడవున్న తునకల్నే చదువుతాయి. అలాంటి తునకలు లక్షల్లో, కోట్లలో వస్తాయి. ఇదెలా ఉంటుందో చూద్దాం. మీ చేతిలో ఉన్న ఈ అనుబంధం ప్రతులు ఓ యాభై తెచ్చారనుకోండి. ఒక్కోదాన్ని ఒక్కో తీరున కత్తిరించి, ముక్కలన్నీ గోనెసంచిలో వేసి బాగా కలిపేశారు. ఇప్పుడు ఆ ముక్కల్ని చూసి అసలు పేజీ ఎలా ఉండేదో చెప్పాలి.

కష్టమే గానీ, చేయొచ్చు. ప్రతి కాపీనీ వేర్వేరు చోట్ల కత్తిరించారు కాబట్టి ఒక ముక్క చివర ఉన్న మాటలు మరో ముక్క మధ్యలో కనిపిస్తాయి. కలిసిన మాటల్ని ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే వాక్యం పెరుగుతుంది. కాసేపటికి పేరా, ఆ తర్వాత పేజీ తయారవుతుంది. జన్యుక్రమాన్ని కూర్చడమంటే ఇదే. సాఫ్ట్‌వేర్ చేసేదీ ఇదే.

పక్కనే చిరగని ప్రతి ఒకటి ఉంటే పని ఇంకా తేలిక. ఏ ముక్క ఏ పేజీలో ఎక్కడిదో ఆ ప్రతిలో చూసి పెట్టేయొచ్చు. 2020 జనవరిలో చైనా శాస్త్రవేత్తలు కొత్త వైరస్ క్రమాన్ని ముక్కల్ని అతికించే ప్రకటించారు. ఆ తర్వాత ప్రపంచంలోని ల్యాబులన్నీ దాన్నే చిరగని ప్రతిగా ముందు పెట్టుకున్నాయి. విజయనగరం నమూనా లాంటివాటిలో తేడాలు తేలేది అలాంటి మూలప్రతితో పోల్చిన తర్వాతే.

అయితే ఇక్కడో చిక్కుంది. మీ బామ్మగారు రాసిన శ్రీరామకోటి పుస్తకాన్నీ అలాగే కత్తిరించారనుకోండి. ప్రతి ముక్కలోనూ అదే నామం. ఏది ముందు, ఏది వెనక? ఎన్నిసార్లు రాశారు? ముక్కల్ని చూసి ఎవరూ చెప్పలేరు. మన డీఎన్‌ఏలోనూ ఇలా పదే పదే వచ్చే భాగాలు చాలా ఉన్నాయి. చిన్న తునకలతో కూర్చే సాఫ్ట్‌వేర్ అక్కడ తడబడుతుంది. మానవ జన్యుక్రమం పూర్తయిందని 2003లో ప్రకటించినా, ఇలాంటి చోట్లు ఖాళీగానే మిగిలిపోయాయి. పొడవాటి తునకల్ని చదివే యంత్రాలు వచ్చాక, 2022లో గానీ అవి నిండలేదు.

ఇది పుస్తకాల్లోని విషయమే కదా అని వదిలేయకండి. నేరుగా మన పిల్లల రిపోర్టులకు సంబంధించినదే. పిల్లల్లో మానసిక ఎదుగుదల లోపానికి కారణమయ్యే ఫ్రాజైల్ ఎక్స్ జబ్బులో ‘సి-జి-జి’ అనే మూడక్షరాలు 200 సార్లకు మించి వరసగా వస్తాయి. కండరాలు పట్టు తప్పే ఎస్‌ఎంఏ జబ్బుకు మూలమైన జన్యువుకు అచ్చు కవలలాంటి మరో జన్యువు పక్కనే ఉంటుంది. ముక్క ఏ కవలదో తేల్చడం కష్టం. అందుకే ఈ రెండింటికీ విడిగా వేరే పరీక్షలు చేస్తారు. ‘ఎక్సోమ్ పరీక్షలో ఏమీ రాలేదు’ అంటే ‘పిల్లాడికి జన్యు సమస్యే లేదు’ అనుకోవడానికి లేదు. ఆ పరీక్ష చూడగలిగిన చోట ఏమీ కనిపించలేదనే అర్థం.

తెరమీద ఏం కనిపిస్తుంది?

ఈ పనికి పెద్ద పెద్ద కంప్యూటర్లే అక్కర్లేదు. ఒక వైరస్‌నో, ఒక జన్యువునో చూడటానికి మామూలు డెస్క్‌టాప్ చాలు. రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో తయారైన యూజీన్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి. బయోటెక్నాలజీ చదివే పిల్లలు మీ ఇంట్లో ఉంటే వాళ్లను అడిగి చూడండి, తెరిచి చూపిస్తారు. మనిషి మొత్తం జన్యుక్రమమైతే వేరే సంగతి. ఒక్కరి సమాచారమే వంద జీబీ దరిదాపుల్లో ఉంటుంది. దానికి శక్తిమంతమైన సర్వర్లు కావాలి.

ఒకే జన్యువును చదివే పాతకాలపు పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. దాని ఫలితాన్ని సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఈసీజీలా అలలు కనిపిస్తాయి. నాలుగు రంగుల్లో ఉంటాయవి. ఎ అక్షరానికి పచ్చ, టి అక్షరానికి ఎరుపు, సి అక్షరానికి నీలం, జి అక్షరానికి నలుపు. అల నిటారుగా, ఒంటరిగా ఉంటే ఆ అక్షరం మీద నమ్మకం పెట్టొచ్చు. ముక్క మొదట్లో, చివర్లో అలలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గజిబిజిగా ఉంటాయి. అక్కడ యంత్రం చెప్పిన అక్షరం తప్పు కావచ్చు. అందుకే మొదటి పని ఈ చివర్లను కత్తిరించేయడం. ఊరగాయకు ముందు ముచ్చికలు తీసేసి, మచ్చలున్న కాయను పక్కన పెట్టడం లాంటిదే ఇది. ఆ పని సరిగా చేయకపోతే జాడీ అంతా పాడవుతుంది!

కొత్త యంత్రాలు ప్రతి అక్షరానికీ మార్కులు కూడా వేస్తాయి. ‘క్యూ20’ అంటే వందలో ఒక అక్షరం తప్పయ్యే అవకాశం. ‘క్యూ30’ అంటే వెయ్యిలో ఒకటి. వెయ్యిలో ఒకటే కదా అనిపిస్తుంది. కానీ 300 కోట్ల అక్షరాల్లో వెయ్యికొకటి అంటే 30 లక్షల తప్పులు! అందుకే ప్రతి చోటునూ ఒకసారి చదివి ఊరుకోరు. మొత్తం జన్యుక్రమమైతే సగటున 30 సార్లు చదువుతారు. ముప్పై ముక్కల్లో ఒక్కటే ‘ఇక్కడ టి ఉంది’ అంటే అది చదవడంలో పొరపాటు అయ్యుండొచ్చు. దాదాపు సగం ముక్కలు అదే మాటంటే అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిన నిజమైన మార్పు అనుకోవచ్చు. రిపోర్టులో ‘డెప్త్’ లేదా ‘కవరేజ్’ అని కనిపించే అంకె ఇదే. ఈసారి చూడండి.

ఒక్క అక్షరం మారితే...

మన ఉత్తరాంధ్రలో ఒక్క అక్షరం విలువ తెలియాలంటే మన్యం వైపు చూడాలి. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ గిరిజన గ్రామాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఒక వాస్తవం. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను తయారుచేసే ఒక జన్యువులో ‘జి-ఎ-జి’ ఉండాల్సిన చోట ‘జి-టి-జి’ వస్తుంది. 300 కోట్లలో ఒకే ఒక్క అక్షరం తేడా! దాంతో గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోతాయి. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. భరించలేని ఒళ్లునొప్పులు, రక్తహీనత, కామెర్లు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వేధిస్తాయి.

ఇప్పుడు ఆ రంగుల అలల్ని గుర్తుచేసుకోండి. జబ్బు లేనివారిలో ఆ చోట పచ్చటి అల ఒక్కటే ఉంటుంది. జబ్బున్నవారిలో ఎర్రటి అల ఒక్కటే. కొందరిలో మాత్రం పచ్చ, ఎరుపు అలలు రెండూ ఒకే చోట సగం సగం ఎత్తులో కనిపిస్తాయి. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. వీరిని వాహకులు అంటారు. వీరికి సాధారణంగా ఏ బాధా ఉండదు. తాము వాహకులమని తెలియకుండానే పెళ్లీడుకు వస్తారు.

అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. వాహకులయ్యే అవకాశం 50 శాతం. ఏమీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాత ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఒకరు సికిల్ సెల్ వాహకులై, మరొకరు బీటా థలసీమియా వాహకులైనా బిడ్డకు ఇబ్బంది రావచ్చు.

మేనరికాల విషయమూ ఇక్కడే చెప్పుకోవాలి. బావామరదళ్లకు సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. మేనమామ, మేనకోడలికైతే నాలుగో వంతు. ఇంట్లో తరతరాలుగా దాక్కుని వస్తున్న ఒక లోపం ఇద్దరిలోనూ ఉండే అవకాశం అందుకే ఎక్కువ. అంతమాత్రాన మేనరికం చేసుకున్నవారంతా భయపడాల్సిన పనిలేదు. పెళ్లికి ముందే, కనీసం గర్భం దాల్చడానికి ముందే రక్తపరీక్షలు చేయించుకుని డాక్టరుతో మాట్లాడితే చాలు.

ఇంకో మాట. సికిల్ సెల్‌ను పట్టుకోవడానికి ఖరీదైన సీక్వెన్సింగే అక్కర్లేదు. సాల్యుబిలిటీ పరీక్షతో ముందుగా వడపోస్తారు. అనుమానం వస్తే హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్‌తో నిర్ధారిస్తారు. సికిల్ సెల్‌ను 2047 నాటికి నిర్మూలించాలన్న లక్ష్యంతో 2023 జులై 1న జాతీయ కార్యక్రమం మొదలైంది. ఇందులో 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేసి, ఫలితాన్ని తెలిపే కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డును ఆధార్ కార్డంత జాగ్రత్తగా దాచుకోండి. సంబంధం కుదుర్చుకునే ముందు జాతకాల పక్కన దాన్నీ పెట్టి చూసుకోండి.

ఎవరితో పోలుస్తున్నారు?

మళ్లీ చిరగని ప్రతి దగ్గరికొద్దాం. వైరస్‌కైతే ఒక మూలప్రతి ఉంది. మరి మనిషికి? మూలప్రతిగా వాడే మానవ జన్యుక్రమంలో సుమారు 70 శాతం ఒకే ఒక్క వ్యక్తిది. 1997లో అమెరికాలోని బఫెలో నగరంలో స్థానిక దినపత్రికలో ప్రకటన ఇచ్చి దాతల్ని పిలిచారు. వారిలో ఒకరి డీఎన్‌ఏ అది. ఆ వ్యక్తి ఎవరన్నది ఇప్పటికీ గోప్యమే. మన రిపోర్టులో ‘మార్పు’ అని రాసి ఉందంటే ఆ మూలప్రతిలో ఉన్న అక్షరం మనలో లేదన్నమాట. అంతవరకే. మార్పు అంటే జబ్బు కాదు. ఏ ఇద్దరు మనుషుల్ని పోల్చినా లక్షల చోట్ల తేడాలుంటాయి.

వీటిలో ఏది హానికరమో ఎలా తెలుస్తుంది? ఆరోగ్యంగా ఉన్న వేలమందిలో అదే మార్పు కనిపిస్తుంటే అది హానికరం కాకపోవచ్చు. ఎక్కడా కనిపించకపోతే అనుమానించాలి. ఇక్కడే మనకొక ఇబ్బంది ఉంది. ప్రపంచ సమాచార భాండాగారాల్లో ఐరోపా సంతతి వారి సమాచారమే ఎక్కువ. మనవాళ్లలో మామూలుగా ఉండే మార్పు కూడా అక్కడ అరుదుగా కనిపించి, లేనిపోని అనుమానం రేపవచ్చు.

అయితే తెలుగువాళ్లు అందులో బొత్తిగా లేకపోలేదు. 2015లో పూర్తయిన వెయ్యి జన్యుక్రమాల ప్రాజెక్టులో ప్రపంచం నలుమూలల నుంచి 26 జనసమూహాలున్నాయి. వాటిలో ఒకటి బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారిది. వంద మందికి పైగా తెలుగువారు అందులో రక్తనమూనాలు ఇచ్చారు. సముద్రాలు దాటి వెళ్లిన వారి రక్తం ఇవాళ ఇచ్ఛాపురంలోనో, బొబ్బిలిలోనో పుట్టిన బిడ్డ రిపోర్టును అర్థం చేసుకోవడానికి పనికొస్తోంది! మన దేశంలోనూ ‘జీనోమ్ ఇండియా’ పేరిట పదివేల మంది జన్యుక్రమాల్ని చదివారు. ఆ సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు.

మనవాళ్లతో మనల్ని పోల్చుకోవడం వల్ల ప్రయోజనం ఏంటో ఒక ఉదాహరణ చూడండి. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాల్ని సడలించే సక్సినైల్‌కోలిన్ మందు ఇస్తుంటారు. మామూలుగా దాని ప్రభావం నిమిషాల్లో పోతుంది. దాన్ని విరిచే ఎంజైమ్ జన్యులోపం వల్ల తగ్గిపోయిన వారిలో మాత్రం ఆ ప్రభావం గంటల తరబడి ఉండిపోతుంది. అంతసేపూ వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఈ లోపం మిగతావారితో పోలిస్తే వైశ్య సామాజికవర్గంలో ఎంతో ఎక్కువని పరిశోధనల్లో తేలింది. ఇదేమీ జబ్బు కాదు. రోజువారీ జీవితంలో తెలియనే తెలియదు. కాకపోతే ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు మత్తు డాక్టరుకు ఒక మాట చెప్పాలి. మీది ఏ సామాజికవర్గమైనా సరే, బంధువుల్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి అందుకోవడం ఆలస్యమైతే తప్పకుండా చెప్పాలి. డాక్టరు వేరే మందు వాడతారు.

‘తేల్చలేని మార్పు’ అని ఉంటే?

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. రెండేళ్ల పాపకు మూర్ఛలు వస్తున్నాయి. పొదుపు డబ్బులు తీసి ఎక్సోమ్ పరీక్ష చేయించారు. మనకున్న సుమారు 20 వేల జన్యువుల్లో ప్రొటీన్ల తయారీకి అక్కరకొచ్చే భాగాల్ని మాత్రమే చదివే పరీక్ష ఇది. మొత్తం జన్యుక్రమంలో ఈ భాగాలు ఒకటి రెండు శాతమే. నెల తర్వాత రిపోర్టు వచ్చింది. ఒక జన్యువు పేరు, దాని పక్కన ‘వీయూఎస్’ అని మూడక్షరాలు. రాత్రంతా ఫోన్‌లో ఆ జన్యువు పేరు వెతికారు. వెతికినకొద్దీ భయంకరమైన జబ్బులే కనిపించాయి. తెల్లారేసరికి ‘ఇది నీ వైపు నుంచి వచ్చిందే’ అంటూ ఇంట్లో మాటలు మొదలయ్యాయి.

ఇలాంటి రాత్రి మీ ఇంటికి రాకూడదంటే ఈ విషయం తెలిసుండాలి. జన్యుమార్పుల్ని ల్యాబులు ఐదు తరగతులుగా విభజిస్తాయి. హానికరం, బహుశా హానికరం, ఇంకా తేల్చలేనిది, బహుశా నిరపాయం, నిరపాయం. వీయూఎస్ అంటే మధ్యలోది. దీన్నిబట్టి మందులు మార్చడం, గర్భం విషయంలో నిర్ణయాలు తీసుకోవడం తగదు. ముందు తల్లిదండ్రులిద్దరికీ ఆ ఒక్క చోట పరీక్ష చేస్తారు. ఆరోగ్యంగా ఉన్న తండ్రిలోనూ అదే మార్పు ఉంటే, చాలాసార్లు అనుమానం తగ్గుతుంది. ఇద్దరిలోనూ లేకుండా పాపలోనే కొత్తగా వచ్చిందంటే అనుమానం బలపడుతుంది. సమాచారం పెరిగేకొద్దీ ఇవాళ తేల్చలేనిది రేపు నిరపాయంగానో, హానికరంగానో తేలవచ్చు. అందుకే ఏడాది రెండేళ్లకోసారి ‘మా రిపోర్టును మళ్లీ చూస్తారా?’ అని అడగాలి. పరీక్ష మళ్లీ చేయాల్సిన పని ఉండకపోవచ్చు. పాత సమాచారాన్నే కొత్త వివరాలతో పోలుస్తారు.

ఇక ‘నీ వైపు, నా వైపు’ అన్న మాట. ఏదో ఒక జన్యులోపానికి వాహకులు కానివారు మనలో అరుదు. అది ఎవరి తప్పూ కాదు.

అన్నింటికీ జన్యువులే జవాబు కాదు

కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస... ఉద్దానం పల్లెల్లో ఒకే ఇంట్లో తండ్రి తర్వాత కొడుక్కి కిడ్నీ జబ్బు రావడం చూసినవారికి ‘ఇది వంశపారంపర్యమేమో, జన్యు పరీక్ష చేయిస్తే తెలిసిపోతుందేమో’ అనిపించడం సహజం. కానీ ఒకే ఇంట్లోవారు జన్యువుల్నే కాదు, నీటినీ, తిండినీ, పొలాన్నీ, ఎండనీ కూడా పంచుకుంటారు. ఉద్దానం జబ్బుకు ఇదొక్కటే కారణమని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. పరిశోధన సాగుతోంది.

కాబట్టి ఉద్దానం వాసులు వేలు ఖర్చుపెట్టి జన్యు పరీక్షలకు పరుగులు తీయడం కన్నా, రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, బీపీ పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవడం మేలు. నొప్పి మాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. ఈ చిన్న పరీక్షలు జబ్బును తొలిదశలోనే పట్టిస్తాయి. జన్యు పరీక్ష అవసరమా లేదా అన్నది కిడ్నీ డాక్టరు నిర్ణయిస్తారు.

విజయనగరం నమూనా సంగతీ ఒకసారి చూడండి. ఆ ప్రయాణికుడిలో ఎలాంటి లక్షణాలూ లేవు. డిసెంబరు 11న మళ్లీ పరీక్షిస్తే నెగెటివ్ వచ్చింది. అంటే ఫలితాన్ని ప్రకటించేనాటికే ఆయన కోలుకున్నారు. జన్యుక్రమం ఆయనకు చికిత్స కోసం చేసింది కాదు. ఊళ్లోకి ఏ రకం వచ్చిందో తెలుసుకుని, మిగతావారిని జాగ్రత్తపరచడానికి చేసింది. ఏ పరీక్ష ఎవరి కోసం, ఏ ప్రశ్నకు జవాబుగా చేస్తున్నారో తెలిసినప్పుడే దాని ఫలితానికి విలువ.

ఇంట్లోనే చూసుకుందామా?

సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇంట్లో కంప్యూటర్ ఉంది, ల్యాబ్‌వాళ్లు ముడి సమాచారం కూడా ఇస్తామంటున్నారు. మనమే చూసేసుకుంటే? నేర్చుకోవడానికైతే నిక్షేపంగా చూడండి. చదువుకునే పిల్లలకు ఇంతకన్నా మంచి పాఠం ఉండదు. సికిల్ సెల్ జన్యువును తెరిచి ఆ ఒక్క అక్షరాన్ని వెతికి పట్టుకున్న పిల్లలు జీవితంలో దాన్ని మరచిపోరు. కానీ జబ్బు నిర్ధారణకు మాత్రం వద్దు. లాలాజలం పంపితే ఇంటికి వివరాలు పంపే సంస్థల ముడి సమాచారంలో కనిపించిన మార్పుల్ని అమెరికాలోని ఒక ల్యాబ్ తిరిగి పరీక్షించింది. 2018లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం 40 శాతం మార్పులు అసలు లేనే లేవు! చదవడంలో వచ్చిన పొరపాట్లే అవి. చేయని ఆపరేషన్‌కు భయపడటం, అక్కర్లేని మందులు వాడటం... ఇలాంటి అనర్థాలకు ఆ పొరపాట్లు చాలు.

గోప్యత కూడా ముఖ్యమే. మీ జన్యు సమాచారం మీ ఒక్కరిదే కాదు. మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల గురించి కూడా అది ఎంతో కొంత చెబుతుంది. ఊరూపేరూ తెలియని వెబ్‌సైట్లలో దాన్ని ఎక్కించకండి. వాట్సాప్ గ్రూపుల్లో రిపోర్టులు పెట్టకండి.

డాక్టర్ని ఇవి అడగండి

* ఈ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు కోసం? ఇంతకన్నా తేలికైన, చవకైన పరీక్ష ఉందా?

* ఈ పరీక్ష వేటిని చూడలేదు? నెగెటివ్ వస్తే ఇంకేం చేయాల్సి ఉంటుంది?

* వచ్చిన మార్పు ఐదు తరగతుల్లో దేనికి చెందింది? ఆ చోటును ఎన్నిసార్లు చదివారు? మరో పద్ధతిలో నిర్ధారించారా?

* భారతీయుల సమాచారంతో పోల్చి చూశారా?

* తల్లిదండ్రులకు, తోబుట్టువులకు పరీక్ష అవసరమా?

* ఫలితం ఏదైనా చికిత్సలో మార్పు ఉంటుందా? తర్వాతి కాన్పులో ఏం చేయాలి?

* రిపోర్టును మళ్లీ ఎప్పుడు సమీక్షించాలి?

వీటికి స్థానికంగా జవాబు దొరకకపోతే జన్యు సలహా నిపుణుల దగ్గరికి పంపమని అడగండి. హైదరాబాద్‌లోని నిమ్స్‌లో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. వెళ్లేటప్పుడు రిపోర్టు ఒక్కటే తీసుకెళితే సరిపోదు. రెండు వైపులా మూడు తరాల వివరాలు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఎవరికి ఏ జబ్బు వచ్చింది, ఏ వయసులో వచ్చింది, ఎవరిది మేనరికం, ఎవరి పిల్లలు పసితనంలోనే పోయారు... ఇవన్నీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడిగి రాయండి. సాఫ్ట్‌వేర్ అక్షరాల్ని పేర్చగలదు గానీ, మీ ఇంటి కథను చెప్పలేదు. ఆ కథ పక్కన పెట్టి చూసినప్పుడే ఆ అక్షరాలకు అర్థం వస్తుంది.